అండాశయ క్యాన్సర్‌కు మందుగా ఏది మేలు: ట్రెయిలా, గామా ఇంటర్‌ఫెరానా?

రెండూ రోగనిరోధక వ్యవస్థ ప్రోటీన్లే, అండాశయ క్యాన్సర్ కణాన్ని చంపే దారులే వేరు. ట్రెయిల్ సూటిగా కణం మీది డీఆర్4, డీఆర్5 అనే గ్రాహకాలకు (చావు సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లకు) అతుక్కుని, లోపల కాస్పేస్-8 అనే ఎంజైమ్‌ని లేపి, కణం తనను తానే చంపుకునేలా చేస్తుంది. మామూలు కణాల జోలికి పెద్దగా పోదు. కానీ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, మొండి కణాలు లెక్కచేయవు. ల్యాబ్‌లో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తోడైతే అలాంటివీ లొంగాయి, మనుషుల్లో మాత్రం ఆశించినంత ఫలితం ఇంకా రాలేదు.

గామా ఇంటర్‌ఫెరాన్ కణాల పెరుగుదలను తగ్గిస్తుంది, దాక్కున్న కణాన్ని టీ కణాలకు (క్యాన్సర్‌ను చంపే రోగనిరోధక కణాలకు) పట్టిస్తుంది, మళ్లీ క్యాన్సర్ కణం మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను పెంచి ఆ టీ కణాలకే బ్రేక్ వేస్తుంది! కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులతో కలిపి చేసిన పెద్ద ట్రయల్‌లో (ఫలితాలు 2008లో వచ్చాయి) ఇది తీసుకున్నవాళ్లే తక్కువకాలం బతకడంతో మధ్యలోనే ఆపేశారు. నా ఓటు ట్రెయిల్‌కే, అదీ కీమో తోడుంటేనే.