షమొనీ లోయలో ఎవరికి ఏ కొండ?

ఫ్రాన్స్‌లోని స్కీయింగ్ ఊరు షమొనీ పేరు వినగానే కొత్తవాళ్లకు అది మన స్థాయి కాదనిపిస్తుంది. 1924లో మొదటి వింటర్ ఒలింపిక్స్ జరిగిన ఊరు మరి. పైగా కళ్లెదురుగా మౌంట్ బ్లాంక్ పర్వతం. కానీ మా వదిన మొదటిసారి స్కీలు తొడిగింది అక్కడే, సంతోషంగా నేర్చుకుంది కూడా. ఆవిడకు సరిపడే కొండకు వెళ్లాం కాబట్టే అది కుదిరింది.

ఈ లోయలో స్కీ ప్రాంతాలు ఒకచోట ఉండవు. ఒకదాని నుంచి ఇంకోదానికి బస్సులోనో రైల్లోనో వెళ్లాలి. చాలామంది దీన్ని లోటుగా చెబుతారు. స్కీయింగ్ వచ్చినవాళ్లూ రానివాళ్లూ కలిసి వెళ్లే కుటుంబాలకు మాత్రం ఇది మేలే. ఏ కొండ స్వభావం దానిది. పొద్దున్నే వాతావరణం, మనుషుల ఓపిక చూసుకుని బయల్దేరవచ్చు.

కొత్తవాళ్లకు నా ఓటు లే టూర్‌కే. లోయ పైచివర 1,453 మీటర్ల ఎత్తులో ఉన్న పల్లె అది. కిందే లా వోర్మెన్ అనే వెడల్పాటి, మెల్లని వాలు ఉంది. నేర్చుకునేవాళ్ల కోసమే కాబట్టి వెనకనుంచి ఎవరూ వేగంగా దూసుకురారు. ఆ భయం లేకపోతే సగం చదువు అయినట్టే. ఇంగ్లిష్‌లో చెప్పే క్లాసు కావాలంటే ముందే బుక్ చేసుకోండి, ముఖ్యంగా ఫ్రెంచ్ స్కూళ్లకు సెలవులుండే ఫిబ్రవరిలో. కాస్త పట్టు దొరికాక గొండోలాలో, అంటే తీగ మీద వెళ్లే క్యాబిన్‌లో, పైనున్న షరమియోఁకి వెళితే బాల్మ్ కొండ మీద నీలం రంగు రన్‌లు హాయిగా ఉంటాయి. రన్ అంటే స్కీల మీద దిగే దారి; నీలం సులువు, ఎరుపు మధ్యస్థం, నలుపు బాగా కష్టం. అక్కడ చెట్లు లేవు. మబ్బు దిగిందంటే నేలేదో ఆకాశమేదో తెలియదు.

అలాంటి రోజు లోయ రెండో చివరన ఉన్న లేజూష్‌కి వెళ్లాలి. రన్‌లు చెట్ల మధ్య నుంచి సాగుతాయి కాబట్టి మంచు కురుస్తున్నా దారి కనిపిస్తుంది. ప్రపంచ కప్ డౌన్‌హిల్ పోటీలు జరిగిన నల్ల రంగు రన్ కూడా ఇక్కడే ఉంది. అయినా పిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ కొండ బాగా అనుకూలం.

మధ్యస్థాయి వాళ్లకు బ్రేవాఁ, ఫ్లేజేర్. ఈ రెంటినీ ఒక కేబుల్‌కార్ కలుపుతుంది. ఎండ బాగా తగులుతుంది, ఎదురుగా మౌంట్ బ్లాంక్ మొత్తం కనిపిస్తుంది. 1966 జనవరి 24న హోమీ భాభా ప్రయాణిస్తున్న ఎయిర్ ఇండియా విమానం కూలింది ఆ పర్వతం మీదే. కిందికి జారే బోసోఁ హిమానీనదంలో ఆ విమానం తాలూకు వస్తువులు ఏళ్ల తర్వాత కూడా బయటపడ్డాయి. అది తలచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. సాయంత్రం ఊళ్లోకి స్కీల మీద దిగే దారులు నల్ల రంగువి. ఎరుపు రన్‌లే మీ హద్దయితే మొహమాటపడకుండా లిఫ్టులో దిగండి.

గ్రాఁ మోంతే బాగా వచ్చినవాళ్లది. ఉత్తరం వైపు వాలు కాబట్టి మంచు చాలా కాలం మెత్తగా ఉంటుంది. 2018లో మధ్య స్టేషన్ కాలిపోయాక 3,275 మీటర్ల శిఖరానికి తీసుకెళ్లే పాత కేబుల్‌కార్ ఆగిపోయింది. మా అన్నయ్య వాళ్లబ్బాయికి మిగిలిన కొండే తనివితీరా సరిపోయింది.

ఇక 3,842 మీటర్ల ఎగ్వీ దు మిది శిఖరం నుంచి దిగే వాలే బ్లాంష్ సుమారు 20 కిలోమీటర్ల దారి. అది రన్ కాదు, పగుళ్లున్న హిమానీనదం. ఎంత బాగా వచ్చినా గైడ్ లేకుండా వెళ్లకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

బస విషయానికొస్తే, ఊరి సందడి కావాలంటే షమొనీ, స్కీయింగే ముఖ్యమైతే అదే లోయలోని అర్జాంతియేర్ పల్లె. మేం రెండోదాంట్లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. రాత్రి చీజ్ ఫాండ్యూ ఒకసారి బాగుంటుంది, రోజూ అయితే మనవాళ్లకు అన్నం, పప్పు ఉండాల్సిందే. బస్ స్టాప్ ఎంత దూరమో చూసుకున్నాకే గది బుక్ చేయండి, స్కీ బూట్లతో నడవడం చాలా కష్టం. బస చేసినచోట ఇచ్చే గెస్ట్ కార్డు అడిగి తీసుకోండి, దాంతో లోయలో బస్సు, రైలు ఉచితం. లిఫ్టులెక్కే పాసుల్లో షమొనీ లే పాస్‌కి లేజూష్ రాదు, మోఁ బ్లాఁ అన్‌లిమిటెడ్‌కి వస్తుంది. కొత్తవాళ్లకు రెండూ దండగే, నేర్చుకునే వాలుకు విడిగా తక్కువ ధరకు పాస్ దొరుకుతుంది.