విలియమ్స్ మార్టింగేల్ పుస్తకం: కొన్నేళ్ల వాడకం తర్వాత

డేవిడ్ విలియమ్స్ రాసిన సంభావ్యత పాఠ్యపుస్తకం ‘ప్రాబబిలిటీ విత్ మార్టింగేల్స్’ (1991) చిన్నదనీ చురుగ్గా సాగుతుందనీ అందరూ చెప్పేదే. (మార్టింగేల్ అంటే లాభనష్టాలు సగటున సున్నా అయ్యే న్యాయమైన ఆటకి గణిత రూపం.) నేను మాత్రం దాన్ని ఇంకా బల్ల మీంచి తియ్యకపోవడానికి కారణం పదో అధ్యాయం తాలూకు ఒక్క లెక్క. కోతి టైపు కొట్టే లెక్క: తోచిన మీట నొక్కే కోతి ‘అబ్రకడాబ్రా’ అని కొట్టడానికి సగటున ఎన్ని నొక్కులు పడతాయి?

విశాఖ మద్దిలపాలెంలో సాయంత్రాలు ఎమ్మెస్సీ పిల్లలకు పాఠం చెప్తుంటాను. వాళ్లకి ముందు కోతిని చూపించను, నాణెం ఇస్తాను. వరసగా రెండు బొమ్మలు పడాలంటే సగటున 6 సార్లు ఎగరెయ్యాలి. బొమ్మ, వెంటనే బొరుసు కావాలంటే 4 చాలు. ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "రెండిటికీ పావు వంతే కద సార్, మరి తేడా ఏటి?" సమీకరణాలు రాసి సాధిస్తే జవాబు వస్తుంది గానీ ఆ ‘ఏటి’ తీరదు.

విలియమ్స్ దారిలో తీరుతుంది. ప్రతి ఎగరవేతకీ ముందు ఒక కొత్త జూదగాడు రూపాయితో వస్తాడు. దాన్ని బొమ్మ మీద కాస్తాడు. గెలిస్తే 2 రూపాయలూ తర్వాతి గుర్తు మీద పెడతాడు, ఓడితే ఇంటికి పోతాడు. ఆట న్యాయమైనది కాబట్టి లోపలికి వచ్చిన డబ్బూ, ఆట ఆగేసరికి జూదగాళ్ల చేతుల్లో మిగిలిన డబ్బూ సగటున సమానం. వచ్చింది ఎగరవేతకో రూపాయి. బొమ్మ-బొమ్మ దగ్గర ఆగితే ఒకడి దగ్గర 4, చివర వచ్చినవాడి దగ్గర 2. మొత్తం 6. బొమ్మ-బొరుసు దగ్గర ఆగితే చివరివాడు బొమ్మ మీద కాసి పోగొట్టుకున్నాడు, మిగిలింది 4. తేడా అంతా ఆ చివరివాడి జేబులోనే ఉంది! ‘అబ్రకడాబ్రా’కి ఇంగ్లీషులో 11 అక్షరాలు, మొదటి నాలుగే చివర్లోనూ వస్తాయి, మొదటి అక్షరమే ఆఖరిదీ. అందుకే 26 అక్షరాల మీటల మీద కోతికి పట్టే నొక్కుల సగటు 26కి 11వ ఘాతం, 4వ ఘాతం, ఇంకో 26, వీటి మొత్తం. బోర్డు మీద ఇది ఎన్నిసార్లు చేసినా నాకు విసుగు రాలేదు.

అయితే, ‘రూపాయి లాభం రాగానే ఆపేస్తాను’ అని నాణెంతో ఆడేవాడి మీద ఇదే వాదన వాడితే బోల్తా కొడుతుంది. ఆట న్యాయమైనదే, వాడు ఎప్పటికైనా రూపాయి లాభంతో లేవడమూ ఖాయమే. మరి సగటు లాభం సున్నా కావాలి కదా? వాడు వేచి ఉండే సమయపు సగటు అనంతం కావడమే చిక్కు. కోతి లెక్కలో ఆ సగటు పరిమితం, అడుగడుగునా మారే మొత్తానికీ హద్దుంది. ఆట ఆపినప్పుడూ సగటు మారదని చెప్పే ‘ఆపే సిద్ధాంతానికి’ ఈ షరతులు పుస్తకంలో స్పష్టంగానే ఉన్నాయి. పిల్లలు మాత్రం జూదగాళ్లని గుర్తు పెట్టుకుని షరతుల్ని వదిలేస్తారు. కథ మరీ బాగుండడంతో వచ్చిన ఇబ్బంది ఇది.

మెజర్ థియరీకి (సంభావ్యతకి పునాది అయిన కొలతల గణితానికి) ఇదొక్కటే చాలనే మాట ఇప్పుడు అంత గట్టిగా అనను. ఆ పునాదిలో ముఖ్యమైన కారాథియొడోరి విస్తరణ సిద్ధాంతం (సరళమైన సమితులకిచ్చిన కొలతని మిగతావాటికీ పొడిగించేది) నిరూపణ అనుబంధంలోకి వెళ్లిపోయింది. లెబేగ్ కొలత (పొడవు అనే భావనకి సాధారణ రూపం) ముందే చదివాను కాబట్టి నాకు అడ్డు రాలేదు. మొదటిసారి చదివేవాళ్లు అక్కడే ఆగిపోవడం చూశాను. (బీచి రోడ్డుకి దగ్గరున్న ఇంట్లో ఉప్పుగాలికి అట్ట వంకర తిరిగింది. అది పుస్తకం తప్పు కాదు.)

నెట్ (అధ్యాపక అర్హత) పరీక్ష దగ్గర పడుతుంటే కొనకండి. ఆ పరీక్షకి కావాల్సిన మార్కోవ్ చైన్లని (తర్వాతి అడుగు ఇప్పటి స్థితి మీదే ఆధారపడే ప్రక్రియల్ని) ఈ పుస్తకం పలకరించి వదిలేస్తుంది. నాకైతే పరీక్షల గొడవ లేదు, సాయంత్రాలు నావి, అడిగే పిల్లలున్నారు. అలాంటి వీలున్నవాళ్లు, వేరే మెజర్ థియరీ పుస్తకం ఒకటి పక్కనుంటే, తీసుకోవచ్చు.