ఏటీఎల్ఎస్ కోర్సు: వైద్యుడికి ఇచ్చేది, ఆసుపత్రికి ఇవ్వలేనిది

తీవ్రంగా గాయపడినవారికి మొదటి గంటలో అందవలసిన చికిత్సను నేర్పే శిక్షణల్లో అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్, అంటే వైద్యులు ఏటీఎల్ఎస్ అని పిలుచుకునే కోర్సు, బహుశా అన్నిటికన్నా విస్తృతంగా నడుస్తున్నది. 80కి పైగా దేశాల్లో దీన్ని నేర్పుతున్నారు. క్యాజువాలిటీ వైద్యుడిగా ఈ శిక్షణ పొంది, ఆ తరువాత మా విభాగంలో ట్రామా టీమ్ ఏర్పాటులో పాలుపంచుకున్నాను కనుక, ఈ సమీక్షను ఆ రెండు వైపుల నుంచీ రాస్తున్నాను. గాయపడినవారిని చూడవలసి వచ్చే ప్రతి వైద్యుడికీ ఈ కోర్సును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నలుగురు వైద్యులను దీనికి పంపి, ట్రామా చికిత్సకు తమ ఆసుపత్రి సిద్ధమైందని భావించే యాజమాన్యాలతో మాత్రం ఏకీభవించలేను.

కోర్సు పుట్టుకను బట్టే దాని బలమూ పరిమితీ రెండూ అర్థమవుతాయి. 1976లో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల శస్త్రవైద్యుడు స్వయంగా నడుపుతున్న చిన్న విమానం అమెరికాలోని నెబ్రాస్కా గ్రామీణ ప్రాంతంలో కూలిపోయింది. భార్య అక్కడికక్కడే మరణించింది, పిల్లలు తీవ్రంగా గాయపడ్డారు. దగ్గరలోని చిన్న ఆసుపత్రిలో వారికి అందిన చికిత్స ఆయనను తీవ్రంగా కలచివేసింది. ఆ వేదన నుంచే 1978లో తొలి శిక్షణ మొదలైంది, 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని చేపట్టింది. అంటే, తోడెవరూ లేని చిన్న ఆసుపత్రిలో ఒక్క వైద్యుడు ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబుగా ఇది రూపొందింది.

ఆ జవాబు నేటికీ గొప్పది. మొదటినుంచీ నేర్పుతూ వచ్చిన వరుసలో ముందు శ్వాసమార్గం, తరువాత ఊపిరి, ఆపైన రక్తప్రసరణ, మెదడు స్థితి, చివరగా ఒళ్లంతా పరిశీలించడం: ప్రాణం తీసే ప్రమాదాలను ఏది ముందు చంపుతుందో ఆ వరుసలో చూడడం ఇందులోని సారం. విరిగి వంకరపోయిన కాలు చూపును లాగేస్తున్నా, ఛాతీలో గాలి చిక్కుకుని ఊపిరాడని స్థితినే ముందు పట్టుకోవాలన్న క్రమశిక్షణ రెండు మూడు రోజుల్లో ఒంటికి పడుతుంది. ఛాతీలో గొట్టం వేయడం, మెడ దగ్గర కోసి శ్వాసమార్గం తెరవడం వంటివి చేతులతో చేయిస్తారు. ఒక్కొక్క ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కొద్దిమందే ఉండడం వల్ల ఎవరూ వెనుక నిలబడి తప్పించుకోలేరు. చివరి పరీక్షలో రోగి పరిస్థితి మధ్యలో దిగజారినట్టు చెప్పి, మళ్లీ మొదటి నుంచి చూసుకు వస్తామో లేదో గమనిస్తారు. కోర్సు మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా తోచిన భాగం అదే.

అయితే పెద్ద ఆసుపత్రిలో ఈ పనులన్నీ ఒకదాని తరువాత ఒకటి జరగవు, అనేకమంది చేతుల్లో ఏకకాలంలో జరుగుతాయి. అక్కడ ఒకరు పనిలో చేయి పెట్టకుండా మంచం పాదాల దగ్గర నిలబడి, అందరి మాటా విని, తరువాతి నిర్ణయం చెప్పాలి. కోర్సు పాఠ్యపుస్తకం 10వ కూర్పు నుంచి జట్టుగా పనిచేయడం గురించి పాఠాల్లో కొంత చేర్చారు గాని, సాధన మాత్రం ఎక్కువగా ఒంటరి వైద్యుడి చుట్టూనే తిరుగుతుంది. యూరోపియన్ ట్రామా కోర్సు ఈ విషయంలో మెరుగు, అది మొదటినుంచీ జట్టు శిక్షణగానే రూపుదిద్దుకుంది.

ఇక కోర్సు పరిధిలోకే రాని పనుల మీదనే ఆసుపత్రి ఫలితాలు చాలావరకు ఆధారపడతాయి. అంబులెన్స్ నుంచి ముందే కబురు అందుకునేదెవరు, ఏ లక్షణాలుంటే టీమ్ మొత్తాన్ని పిలవాలి, ఆపరేషన్ థియేటర్‌ను ఖాళీగా ఆపి ఉంచమని చెప్పే అధికారం ఎవరికుంది అన్నవి రోగి రాకముందే రాతపూర్వకంగా తేలి ఉండాలి. రక్తం విషయం మరీ ముఖ్యం. ఒక్క ఫోనుతో బ్లడ్ బ్యాంక్ నుంచి ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కలిపి వచ్చే ఏర్పాటు లేకపోతే, భారీ రక్తస్రావాన్ని గుర్తించడం నేర్చిన వైద్యుడు కూడా సెలైన్ సీసాలతోనే కాలం గడపవలసి వస్తుంది. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం అనే మందును గాయమైన 3 గంటల లోపు ఇస్తేనే మేలని 2010 నాటి క్రాష్-2 పరిశోధన, దాని తదుపరి విశ్లేషణ చూపాయి. ఆ మందు ట్రామా గదిలోని అలమరలోనే ఉండాలి గాని ఫార్మసీ కిటికీ దగ్గర కాదు.

ఆధారాలూ ఈ తేడానే సూచిస్తున్నాయి. ఏటీఎల్ఎస్ శిక్షణ వల్ల మరణాలు తగ్గుతాయని నిరూపించే నియంత్రిత ప్రయోగాలు, వైద్య పరిశోధనలను కూడగట్టి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షకులకు దొరకలేదు. మరోవైపు, అమెరికాలో 69 ఆసుపత్రులను పోల్చి 2006లో వెలువడిన అధ్యయనంలో ట్రామా కేంద్రాల్లో, అంటే తీవ్ర గాయాల చికిత్సకు ప్రత్యేక ఏర్పాట్లున్న ఆసుపత్రుల్లో, చికిత్స పొందినవారికి మరణించే ముప్పు 25 శాతం తక్కువగా కనిపించింది. కోర్సుకు విలువ లేదని దీని అర్థం కాదు. పరిశోధనకు లొంగేంత పెద్ద ఫలితం ఏర్పాట్లన్నీ కలిసినప్పుడు కనిపించిందని నేను గ్రహిస్తున్నాను.

పాత కూర్పులో శిక్షణ పొందినవారు మళ్లీ వెళ్లడం మంచిది. ఒకప్పుడు 2 లీటర్ల సెలైన్ ఎక్కించమనేవారు, 10వ కూర్పు దాన్ని 1 లీటరుకు తగ్గించి రక్తాన్ని త్వరగా మొదలుపెట్టమంది. 11వ కూర్పు ప్రాణాంతకమైన బయటి రక్తస్రావాన్ని ఆపడాన్ని శ్వాసమార్గం కన్నా ముందుకు తెచ్చింది. సర్టిఫికెట్ గడువు ఎలాగూ నాలుగేళ్లే. వైద్యులను పంపే ఆసుపత్రులు నర్సులను కూడా వారికోసమే ఉన్న ఏటీసీఎన్ శిక్షణకు పంపాలి, తిరిగి వచ్చాక అందరినీ బ్లడ్ బ్యాంక్, రేడియాలజీ సిబ్బందితో కలిపి తమ సొంత ట్రామా గదిలోనే, తమ సొంత పరికరాలతో క్రమం తప్పకుండా సాధన చేయించాలి.