ఏథెన్స్ బంగారమా, లండన్ వెండా? కాన్ లేహీకి ఏది గొప్ప?

ఐర్లాండ్‌లోని చార్ల్‌విల్ దగ్గర పుట్టిన కాన్ లేహీకి హైజంప్‌లో రెండు పెద్ద పతకాలు ఉన్నాయి. 1906లో ఏథెన్స్‌లో జరిగిన ఒలింపిక్ పోటీల్లో బంగారం, 1908 లండన్ ఒలింపిక్స్‌లో వెండి. ఏది గొప్పదని అడిగితే చాలామంది బంగారమే అంటారు. నా ఓటు వెండికి.

ముందు ఎత్తులు చూడండి. ఏథెన్స్‌లో గెలిచింది 1.775 మీటర్లకి. లండన్‌లో దూకింది 1.88. పది సెంటీమీటర్ల పైనే తేడా. ఒక్క సెంటీమీటరు పెంచుకోడానికి ఎంత చెమటోడ్చాలో హైజంప్ చేసినవాళ్లకి తెలుసు. ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. కాన్ తమ్ముడు పాట్రిక్ 1900 పారిస్ ఒలింపిక్స్‌లో 1.78 దూకితే వచ్చింది వెండే. అన్న బంగారం కంటే తమ్ముడి వెండి అర సెంటీమీటరు ఎత్తు!

పోటీ సంగతీ అంతే. ఏథెన్స్‌లో రెండో స్థానం 1.75కే దక్కింది. లండన్‌లో అమెరికన్ హ్యారీ పోర్టర్ 1.905తో గెలిచాడు, అప్పటికి అది ఒలింపిక్ రికార్డు. వెనకే ముగ్గురు 1.88 దగ్గర సమానంగా నిలిచారు: లేహీ, హంగరీకి చెందిన షొమోడి, ఫ్రాన్స్ కుర్రాడు జియో ఆండ్రే. ఆండ్రేకి 18 ఏళ్లు, లేహీకి 32. కింద మెత్తటి పరుపులు లేని కాలం. ఆ వయసులో, ఆ నేల మీద పడుతూ అంత ఎత్తు దూకడం నాకు చాలా పెద్ద విషయం.

1906 పోటీలను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ లెక్కలోకి తీసుకోదు కాబట్టి ఆ బంగారం తక్కువ అనే వాదన మాత్రం నాకు నచ్చదు. ఎప్పటికో తేలిన లెక్క ఆ రోజు దూకినవాడి తప్పు కాదు కదా.

ఏథెన్స్‌కి అసలు బలం వేరే చోట ఉంది. అప్పట్లో ఐర్లాండ్ బ్రిటన్ పాలనలో ఉండేది. తమని బ్రిటన్ ఖాతాలో వేశారని తెలిసి లేహీ తోటి ఐరిష్ ఆటగాడు పీటర్ ఓకానర్ జెండా స్తంభం ఎక్కి ఐర్లాండ్ పచ్చజెండా ఊపాడు. కింద కాపలా నిలబడ్డది లేహీయే. ట్రిపుల్ జంప్‌లో ఆ ఓకానర్ వెనకే వెండి కూడా అక్కడే గెలిచాడు. మనిషిగా ఆయన్ని తలుచుకోవాలంటే నేనూ ఏథెన్స్‌నే తలుచుకుంటాను. కానీ హైజంప్‌లో బంగారం రాకపోయినా ఆ స్తంభం దగ్గర ఆయన నిలబడే ఉండేవాడు. అందుకే దాన్ని ఆ 1.775తో కలిపి తూచలేను. ఆటగాడి కొలత ఎత్తే. అది లండన్‌లోనే ఉంది.

లండన్‌లోనూ ఆయన పతకం బ్రిటన్ పేరు మీదే పడింది. 1909లో అమెరికా వెళ్లిపోయాడు, 1921లో న్యూయార్క్‌లో చనిపోయాడు. ఐర్లాండ్ సొంత జట్టుతో ఒలింపిక్స్‌కి మొదటిసారి వెళ్లింది 1924లో.