బ్యాండ్‌కి అయిదు స్టార్లు, హాలుకి ఒకటి, అదీ పార్కింగ్‌కి

ముందే చెప్తున్నా, బ్యాండ్ పేరు రాయట్లేదు. పేరు రాస్తే ఏ ఊళ్ళో ఏ హాలో రెండు నిమిషాల్లో పట్టేస్తారు, నాకెందుకొచ్చిన గొడవ. బాంజో, ఫిడిల్, మాండలిన్, గిటార్, నిలబెట్టి వాయించే పెద్ద బేస్ ఉన్నాయి, డ్రమ్స్ మాత్రం లేవు. సగం ఓల్డ్ టైమ్ (అమెరికా పల్లెల పాత డాన్సు ట్యూన్లు), సగం బ్లూగ్రాస్ (దాన్నుంచే పుట్టిన స్పీడు సంగీతం) వాయించే అమెరికన్ రూట్స్ బ్యాండ్, అంటే జానపద బ్యాండ్ అనుకోండి చాలు. ఎప్పుడో విడిపోయి ఎవరి దారి వాళ్ళు చూసుకున్నోళ్ళు, మళ్ళీ పాత జట్టు మొత్తంతో టూర్‌కి వచ్చారు.

రీయూనియన్ అంటే నాకు ఎప్పుడూ కాస్త అనుమానమే, పాత హిట్లు నాలుగు వాయించి టీషర్టులు అమ్ముకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. నికెల్ క్రీక్ అనే ఇలాంటి అమెరికన్ బ్యాండ్ వాళ్ళు 2007లో ఆపేసి 2014లో మళ్ళీ కలిసినప్పుడు కొత్త ఆల్బమ్‌తో వచ్చారు, అది నాకు నచ్చింది, అప్పట్నుంచి ఎవరు కలిసినా నేను చూసేది అదొక్కటే, కొత్త పాటలు ఉన్నాయా లేవా. వీళ్ళ దగ్గర ఉన్నాయి, మంచివే ఉన్నాయి, కానీ ఆ హాల్లో ఒక్క లైను అర్థమైతే ఒట్టు.

హాలు అంటే పాత గోడౌన్. కింద కాంక్రీటు, పైన రేకు, చుట్టూ ఇటుక గోడలు, శబ్దాన్ని పీల్చుకోడానికి ఎక్కడా ఒక కర్టెన్ గుడ్డ కూడా లేదు. స్టేజి కింద ఈ చివర్నుంచి ఆ చివరికి సబ్‌వూఫర్లు, అంటే దడదడలాడించే లోతు శబ్దాల స్పీకర్లు. డీజే కోసం కట్టిన సిస్టమ్ అది, దానికి ఈ పాటలు ఏం తెలుస్తాయి? బేస్ ఆయన కింద తీగ మీటినప్పుడల్లా బొం అని లేచి తర్వాతి నోటు వచ్చేదాకా అక్కడే తిరుగుతూ ఉంటుంది. మిక్సర్ దగ్గరున్న అబ్బాయి ఆ లో ఎండ్, అంటే ఆ లోతు శబ్దం కాస్త కోసేసి ఉంటే సగం తలనొప్పి పోయేది, ఆ పని చేస్తాడేమో అని ఇంటర్వెల్ దాకా చూశా, చెయ్యలా.

ఓల్డ్ టైమ్ ట్యూన్లకి ఇది మరీ అన్యాయం. బ్లూగ్రాస్‌లో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ముందుకొచ్చి సోలో వాయిస్తారు కాబట్టి ఎంత చెత్త సౌండ్‌లో అయినా ఎవరు వాయిస్తున్నారో తెలుస్తుంది. ఓల్డ్ టైమ్‌లో అలా కాదు, ఫిడిలూ బాంజో మొదట్నుంచి చివరిదాకా ఒకే ట్యూన్ పట్టుకుని పక్కపక్కనే నడుస్తాయి, ఫిడిల్ సాగదీసిన చోట బాంజో టిక్కుమని ఒక చిన్న నోటు పెడుతుంది, దాని అందమంతా ఆ సందుల్లోనే ఉంటుంది. ప్రతి నోటూ గోడకి కొట్టుకుని వెనక్కొచ్చే చోట ఆ సందులు మూసుకుపోయి రెండూ కలిసి ఒక జావ అయిపోతాయి. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల దగ్గర పుట్టిన వాద్యం బాంజో, ఫిడిల్‌తో దానికి జోడీ కుదిరింది కూడా వాళ్ళ చేతుల్లోనే. అంత దూరం నుంచి వచ్చిన జోడీ ఒక రేకుల షెడ్డులో ఓడిపోవడం చూస్తే ఒళ్ళు మండింది.

ఇంకోటి. వీళ్ళు పాత పద్ధతిలో స్టేజి మధ్యలో ఒకే ఒక్క కండెన్సర్ మైకు (చుట్టుపక్కల చిన్న శబ్దాన్ని కూడా పట్టేసేది) పెట్టి మొదలుపెట్టారు. పాడేవాళ్ళు దగ్గరికొస్తారు, మిగతావాళ్ళు అర అడుగు తప్పుకుంటారు, సోలో ఉన్నాయన వాద్యాన్ని మైకు కిందకి తోస్తాడు, ఎవరు ఎంత వినబడాలో వాళ్ళే నడుస్తూ మిక్స్ చేసుకుంటారు. బ్లూగ్రాస్‌కి ఆద్యుడు బిల్ మన్రో పక్కన ఎర్ల్ స్క్రగ్స్ 1945లో చేరి మూడు వేళ్ళ బాంజోతో జనాన్ని పిచ్చెక్కించిన కాలంలో ఇలాగే చేసేవాళ్ళు, వాళ్ళకి నాష్‌విల్‌లో రైమన్ ఆడిటోరియం ఉండేది, 1892లో ప్రార్థనల కోసం కట్టిన భవనం, చెక్క బెంచీలు, గుసగుస కూడా వెనక్కి వినబడుతుందంటారు. ఇక్కడ? మొదటి పాట సగంలోనే కూ అని ఫీడ్‌బ్యాక్. సౌండ్ పెంచితే కూత, తగ్గిస్తే ఏమీ లేదు. మూడో పాటకి ఒకతను వచ్చి ఆ మైకు తీసుకుపోయి, పాడ్డానికి తలో మైకు పెట్టి వాద్యాలకి కేబుళ్ళు తగిలించేశాడు. అంతే, బాంజో ప్లాస్టిక్ డబ్బా మీద వాయించినట్టు తయారైంది.

అయినా వీళ్ళు మామూలోళ్ళు కాదండీ. తలో మైకు ముందు దూరం దూరంగా కట్టేసినట్టు నిలబెట్టినా ముగ్గురి గొంతులు ఒక్క మాట దగ్గర కూడా విడిపోలేదు. నేను ముందు వరసలో ఎడమ వైపున్నా కాబట్టి కనపడింది, ఫిడిల్ ఆవిడ తన ఇయర్‌పీస్ ఒకటి తీసి మెడ మీద వదిలేసి, కళ్ళు మాత్రం గిటార్ ఆయన నోటి మీద పెట్టింది, ఆయన గాలి పీల్చినప్పుడే ఈవిడా పీలుస్తోంది. ఇన్నేళ్ళు మాటల్లేకుండా ఉన్నారని ఎవరైనా చెప్తే నమ్మను. ఆ ఒక్కటి చూడ్డానికైనా టికెట్ డబ్బులు వసూలే.

జనం సంగతి. బార్ హాలు లోపలే, వెనక గోడకి. ప్రియురాల్ని నదిలో ముంచేసిన వాడు ఉరికంబం దగ్గర పాడుకునే పాట ఒకటి, గిటార్ ఒక్కటే తోడు, అది సరిగ్గా చివరి చరణంలోకి వచ్చేసరికి బార్‌లో ఎవరో ఖాళీ సీసాల బుట్ట మొత్తం డబ్బాలోకి బోర్లించారు. పాట ఆపలేదాయన, కళ్ళు మూసుకుని చిన్నగా నవ్వి కానిచ్చేశాడు. వచ్చినవాళ్ళలో సగం మందికి జుట్టు తెల్లబడింది, హాల్లో కుర్చీ ఒక్కటి లేదు, మోకాళ్ళు నొప్పెట్టి పాపం కొంతమంది మెట్ల మీద కూర్చుంటే సెక్యూరిటీ వచ్చి లేపేశాడు. స్తంభాల వెనక ఇరుక్కున్నోళ్ళ గురించి ఇంక చెప్పను.

అన్నిటికంటే చిరాకేసింది ఏంటంటే, అదే రాత్రి అదే హాల్లో డీజే నైట్ ఉందట, అందుకని వీళ్ళని టైముకి దింపేశారు. ఎన్‌కోర్, అంటే జనం అడిగితే చివర్లో మళ్ళీ వచ్చి వాయించేది, ఒక్క పాట. అది అయ్యీ అవ్వకముందే లైట్లు వేసేశారు, జనం ఇంకా చప్పట్లు కొడుతుంటే పక్కన డీజే టేబుల్ తోసుకొస్తున్నారు. ఇన్నేళ్ళ తర్వాత కలిసిన బ్యాండ్‌కి ఇచ్చే మర్యాద అదా?

వీళ్ళు మీ వైపు వస్తే కళ్ళు మూసుకుని వెళ్ళండి, కాకపోతే హాలు ఫొటోలు చూసుకోండి, సీట్లున్న చిన్న థియేటర్ అయితే బెస్ట్. ఇలాంటి హాలే తప్పకపోతే బార్‌కి వీలైనంత దూరంగా, సబ్‌వూఫర్లకి ఎదురుగా కాకుండా మిక్సర్ ముందు నిలబడండి, అక్కడొక్కచోటే మాటలు కొంచెం అర్థమవుతాయి, ఇంటర్వెల్ తర్వాత కాసేపు తిరిగి చూశా. కుర్చీ కావాలంటే ముందే మెయిల్ పెట్టాలట. ఆ ముక్క టికెట్ మీద ఎక్కడా లేదు, బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర అమ్మాయి చెప్పింది.