ఐరిష్ చెక్క ఫ్లూట్: మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా

చేతితో చేసిన ఐరిష్ ఫ్లూట్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది కర్ర పేరు. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, మోపానే, బాక్స్‌వుడ్ మూడింటిలోనూ గొప్ప వాయిద్యాలున్నాయి, చెత్తా ఉంది. వెండి రింగులు అందానికీ జాయింట్ల బలానికీ పనికొస్తాయి, అంతే. నాదం తేలేది ఊదే రంధ్రం దగ్గరా, లోపలి బోర్‌లోనూ (గొట్టం లోపలి బోలులోనూ).

ఇప్పటి తయారీదారుల్లో ఎక్కువమంది 19వ శతాబ్దపు లండన్ ఫ్లూట్లనే నమూనాగా తీసుకుంటారు. వాటిలో రూడల్ అండ్ రోజ్ అనే తయారీ సంస్థ తరహాలో వేళ్ల రంధ్రాలు చిన్నవి, నాదం బిగువుగా ఉంటుంది. ప్రాటెన్ అనే వాద్యకారుడి పేరిట వచ్చిన తరహాలో రంధ్రాలు పెద్దవి, గొంతు పెద్దది, ఊపిరి ఎక్కువ కావాలి. చేయి చిన్నదైతే మొదటిదే మేలు. ప్రాటెన్‌లో కుడిచేతి ఉంగరపు వేలు అయిదు నిమిషాల్లో మొరాయిస్తుంది.

మన వేణువులో వెదురు గొట్టం దాదాపు ఒకే వెడల్పున సాగుతుంది. ఐరిష్ ఫ్లూట్‌లో అది తలభాగంలో 19 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండి, కిందికి పోయేకొద్దీ సన్నబడి, చివర 11, 12కి వస్తుంది. ముక్కలు విడదీసి బోర్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. గోడ నున్నగా మెరవాలి. అడ్డంగా గీతలున్నా, పీచు లేచినా రీమర్ (బోర్‌ను తొలిచి నునుపు చేసే పనిముట్టు) పని సరిగా కుదరలేదన్నమాట.

ఊదే రంధ్రం మీద తొందరపడొద్దు. అది సాధారణంగా 10, 12 మిల్లీమీటర్ల కొలతల్లో కోడిగుడ్డు ఆకారంలోనో, మూలలు నున్నగా తీసిన దీర్ఘచతురస్రంగానో ఉంటుంది. గాలి తగిలే అవతలి అంచు పదునుగా ఉండాలి, లోపలివైపు కాస్త వాలుగా చెక్కి ఉండాలి. ఆ అంచును వేలితో తడిమితే మొద్దుగా తోచిందా, కింది డి స్వరం ఎంత ఊదినా గాలి శబ్దమే. చవక ఫ్లూట్లలో ఇది డ్రిల్లుతో కొట్టిన గుండ్రటి రంధ్రం, లోపల చెక్కడమే ఉండదు.

తర్వాత లీకేజీ. తలభాగం తీసేసి, ఆరు రంధ్రాలూ మూసి, కీలు (వేళ్లకు అందని రంధ్రాలను తెరిచే లోహపు మీటలు) ఉంటే వాటిని నొక్కకుండా, కింది చివరను అరచేత్తో మూసి పైనుంచి గాలి పీల్చండి. లోపల పట్టు కొన్ని సెకన్లయినా నిలవాలి. వెంటనే జారిపోతే కీ ప్యాడో, జాయింటో, కంటికి ఆనని పగులో కారణం. కీలున్న చవక వాయిద్యాలు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి. కొత్తవాళ్లకు కీలు లేనిదే హాయి. రీళ్లు, జిగ్‌లు అనే ఐరిష్ నాట్య బాణీలు చాలామటుకు డి, జి స్వరస్థాయిల్లోనే కాబట్టి లోటు తెలియదు.

వాయించి చూసేటప్పుడు కింది డి మీద గట్టిగా ఒత్తండి. పై స్థాయికి ఎగిరిపోకుండా గరగరలాడుతూ నిలబడితే మంచి పనితనం. తర్వాత ఎఫ్ షార్ప్ ట్యూనర్ మీద చూడండి. పాతకాలపు డిజైన్లలో అది తగ్గే పలుకుతుంది, అప్పట్లో కీ తెరిచి సరిచేసుకునేవారు. కీలు లేని ఫ్లూట్‌లో ఆ దారి లేదు గనక తయారీదారే సరిదిద్ది ఉండాలి. సి స్వరం పై రంధ్రం తెరిచి, దాని కింది రెండూ మూసి పలికిస్తారు. అది మరీ ఎక్కువగా, అన్నీ తెరిచిన సి షార్ప్ మరీ తక్కువగా ఉంటే వదిలేయండి. ఆ రెంటి మధ్య రాజీ కుదర్చడమే పనివాడి నేర్పు.

రెండు స్థాయిల మధ్య తేడా వస్తే తొందరపడి ఫ్లూట్‌ను తిట్టకండి. తలభాగం పై చివరను లోపల మూసే బిరడా, అంటే కార్క్, జరిగి ఉండొచ్చు. దాని ముఖం ఊదే రంధ్రం మధ్య నుంచి 19 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. పై స్థాయి తగ్గితే కార్క్‌ను కాస్త లోపలికి, పెరిగితే బయటికి జరపాలి. ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేయడానికి తలభాగం దగ్గర జరిపే గొట్టం) కొన్ని మిల్లీమీటర్లు బయటికి లాగినప్పుడు 440, అంటే ఎ స్వరం 440 హెర్ట్జ్‌గా ఉండే ప్రామాణిక శ్రుతి, రావాలి. పూర్తిగా మూసినా 440 అందకపోతే దానికి మందు లేదు.

పగులు విషయానికొస్తే, తలభాగం పొడవునా లోపల లోహపు గొట్టం ఉన్నవాటిని టార్చి వేసి మరీ చూడాలి. పొడిగాలికి కర్ర కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు, కాబట్టి పీచు వెంట బీట తీస్తుంది. ఊదే రంధ్రం గుండా పోయిన బీట ఉంటే బేరమే వద్దు. మిగతాచోట అతికిందైతే వాడుకోవచ్చు. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో ఇది తప్పక గుర్తుండాలి. రింగులు వేలితో తిప్పితే తిరుగుతున్నాయంటే కర్ర ఎండిందనే అర్థం. అప్పుడు బాదం నూనె పల్చగా రాసి, తేమ ఉండే పెట్టెలో పెట్టాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో లేత్ మీద చేసినవి ఉన్నాయి. తయారీదారు మంచివాడైతే సగటు బ్లాక్‌వుడ్ ఫ్లూట్ కన్నా అవే నయం.