స్టోయిక్ డైరీ యాప్: రాత్రి పేజీకి మంచి మార్కులు, నోటిఫికేషన్లకు సున్నా

ఊరికే అన్నిటికీ టెన్షన్ పడే నాలాంటి వాళ్ల కోసమని చెప్పి అమ్మే స్టోయిక్ డైరీ యాప్ ఒకటి డబ్బు కట్టి వాడుతున్నాను. స్టోయిక్కులంటే, మన చేతిలో లేనివాటి గురించి బెంగపడకుండా చేతిలో ఉన్నది సరిగ్గా చెయ్యమనే పాతకాలపు గ్రీకు, రోమన్ తత్వవేత్తలు. పేరు చెప్పను, ఎందుకంటే ఇలాంటివి ఇప్పుడు బోలెడున్నాయి, అన్నిటిదీ దాదాపు ఒకటే మూస: పొద్దున ఒక సూక్తి, మధ్యాహ్నం ఒక చిన్న ఎక్సర్‌సైజ్, రాత్రి రాసుకోవడానికి ఒక పేజీ.

అందులో పనికొచ్చేది రాత్రి పేజీ. ఏ చెడ్డ అలవాటును ఇవాళ సరిచేసుకున్నావు, ఏ బలహీనతను తట్టుకున్నావు, ఎందులో మెరుగయ్యావు అని మూడే ప్రశ్నలు. ఇవి యాప్ వాళ్లు కనిపెట్టినవి కావు, కోపం గురించి రోమన్ స్టోయిక్ సెనెకా రాసిన పుస్తకంలో ఉన్నవే. దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకున్నాక, ఆ రోజు చేసినవీ అన్నవీ అన్నీ తిరగేసుకుంటానని ఆయన అక్కడే చెప్తాడు. ఆ వెంటనే, ఇంకోసారి ఇలా చెయ్యకు, ఈసారికి క్షమించాను అని తనకు తానే చెప్పుకుంటాడు. యాప్ ప్రశ్నలు తీసుకుంది గానీ ఈ క్షమాపణ ముక్క వదిలేసింది. అసలే తనను తాను తిట్టుకునే మనిషికి కావాల్సింది అదే కదా!

ఇక రెండు గడుల ఎక్సర్‌సైజ్. మన చేతిలో ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు రాయాలి. బానిసగా బతికి తర్వాత గురువైన ఎపిక్టెటస్ బోధలకు ఇదే మూలం. రాత్రి పడుకోబోతుంటే మేనేజర్ నుంచి 'రేపు ఒకసారి మాట్లాడాలి' అని మెసేజ్ వచ్చిందనుకోండి. ఆయన మనసులో ఏముందో, ఎందుకు పిలుస్తున్నాడో, ఏ మూడ్‌లో ఉంటాడో ఇవన్నీ రెండో గడిలోకి పోతే, మొదటి గడిలో మిగిలేది పెండింగ్ పనుల వివరాలు తీసి పెట్టుకోవడం, టైముకి వెళ్లడం, అంతే. రాసి చూస్తే గుండె దడ పూర్తిగా పోదు గానీ తల ఒక పని మీదికి మళ్లుతుంది. కాకపోతే ఉద్యోగం, ఆరోగ్యం, పిల్లల చదువు లాంటివి ఏ గడిలోనూ పూర్తిగా ఇమడవు. దానికి స్టోయిక్కుల దగ్గర జవాబు ఉంది: గురి పెట్టడం విలుకాడి పని, బాణం తగలడం తగలకపోవడం ఆయన చేతిలో లేదు. యాప్‌లో ఈ సంగతి ఎక్కడా లేదు, ఏదో ఒక గడి ఎంచుకోకపోతే ముందుకు కదలనివ్వదు.

సూక్తుల సంగతి మరీ అధ్వానం. కింద సెనెకా అనో రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ అనో ఉంటుంది, ఎక్కడిదో ఉండదు. స్నేహితుడు లూసీలియస్‌కు సెనెకా రాసిన 124 ఉత్తరాలకు వరస నంబర్లున్నాయి, ఆ నంబరు వేయడానికి ఏం కష్టం?

నాకు ఒళ్లు మండింది మాత్రం పడుకునే వేళ వచ్చే 'ఆత్మీయులు దూరమైనట్టు ఊహించుకోండి' అనే నోటిఫికేషన్‌కి. కష్టాలను ముందే తలుచుకుని సిద్ధపడటం స్టోయిక్ సాధనే, కాదనను. కానీ రాని కష్టానికి ముందే బాధపడొద్దని చెప్పింది కూడా ఆ సెనెకానే, పదమూడో ఉత్తరంలో. పగటిపూట, ఐదు నిమిషాల హద్దు పెట్టి చేయిస్తే సరిపోయేది.

ఒక్క రోజు రాయకపోతే 'మీ స్ట్రీక్ పోయింది' (అంటే రోజూ మానకుండా రాసిన వరస తెగింది) అని ఎర్రబొమ్మ ఒకటి. మార్కస్ ఆరీలియస్ చక్రవర్తిగా ఉంటూ, సరిహద్దు యుద్ధాల నడుమ కూడా తన కోసం గ్రీకులో రాసుకున్నాడు, పాపం ఆయనకు స్ట్రీక్ లేదు. చింత తగ్గించాల్సిన యాప్ కొత్త చింత పెడితే ఎలా?

ఐదుకి రెండున్నర ఇస్తాను, అందులో రెండు రాత్రి పేజీకే. ఉచిత వెర్షన్‌లోనూ ఆ పేజీ ఉంది కాబట్టి నేను సబ్‌స్క్రిప్షన్ పొడిగించడం లేదు. నిద్ర పూర్తిగా పోయేంత, ఊపిరాడనంత ఆందోళన ఉన్నవాళ్లు మాత్రం దీన్ని నమ్ముకుని కూర్చోకుండా డాక్టర్‌కి చూపించుకోండి. కొనేవాళ్లు ముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి నోటిఫికేషన్లన్నీ ఆపేయండి, ఆ బటన్ మూడో పేజీలో అట్టడుగున దాచారు.